ఎచిథార్ అని ఒక మాట

స్పానిష్‌లో నాకు వచ్చిన మాటలు చాలా తక్కువ. నీళ్ళు, పాలు, రా, చాలు, పడుకో, ఏడవకు. పసిపిల్లను సాకడానికి అంతకంటే అక్కర్లేదు. వాటికి తోడు ఒకే ఒక్క పెద్ద మాట వచ్చు. ఎచిథార్. రాసేటప్పుడు ముందు 'హ' ఉంటుందట, పలికేటప్పుడు దాన్ని మింగెయ్యాలట. 'థ' దగ్గర నాలుక చివర పళ్ళ మధ్య పెట్టాలట. మా మేడం నా ఎదురుగా కూర్చుని, నా నాలుక తిరిగేదాకా పలికించి మరీ నేర్పింది. నేర్పిన ఆ మహాతల్లే అదే మాట పట్టుకుని నన్ను ఆ ఇంట్లోంచి, ఆ దేశంలోంచి కూడా సాగనంపింది. నేర్చుకున్న మిగతా ముక్కలన్నీ ఒక్కొక్కటే మర్చిపోతున్నాను గానీ ఇది మాత్రం పోవడం లేదు, పాడు మాట.

సౌదీలో అల్ ఖోబర్‌లో చుట్టూ ఎత్తు గోడ ఉన్న కాంపౌండ్‌లో వాళ్ళ విల్లా. సారు ఇంజనీరు, వారంలో ఎక్కువ రోజులు సైటు మీదే ఉండేవాడు. మేడం ఇంట్లోనే ఉండేది. ఇద్దరిదీ స్పెయిన్. వాళ్ళకి ఒక్కతే పాప, నేను చేరేటప్పటికి ఇంకా పాకుతోంది. దాని స్నానం, అన్నం, నిద్ర అన్నీ నా చేతుల మీదే. మాటలొచ్చాక నన్ను 'ఆయమ్మా' అని పిలిచేది. కారు తోలడానికి కడప నుంచి వచ్చిన ముస్లిం డ్రైవరు ఉండేవాడు, నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. మాది గోదావరి లంక. నా 'ఆయ్'కి అతను నవ్వేవాడు, అతని 'యాడికి'కి నేను నవ్వేదాన్ని. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడే మనుషులం మేమిద్దరమే.

అంతకు ముందు నేను హఫర్ అల్ బాతిన్‌లో ఒక సౌదీ ఇంట్లో చేశాను. అక్కడ అన్నిటికంటే ముందు నేర్చుకున్న అరబ్బీ మాట సెహర్. మంత్రం, తంత్రం, చేతబడి అన్నిటికీ కలిపి వాళ్ళకి అదొక్కటే మాట. అక్కడ అది నేరం, చిన్నాచితకా నేరం కాదు, జైలుతో పోతే అదృష్టం. ఆ ఇంటి ముసలామె మంచిదే. ఖర్జూరాలు దాచి పెట్టేది, నాకు జ్వరమొస్తే పక్కన కూర్చునేది. అయినా నేను సెలవుకి బయల్దేరిన రోజు నా పెట్టె అంతా బోర్లించి, చీర మడతలు విప్పి, దువ్వెన పళ్ళ మధ్య కూడా వెతికింది. వాళ్ళ పిల్లల వెంట్రుకలు గానీ, గోళ్ళు గానీ, ముళ్ళు వేసిన దారం గానీ నేను పట్టుకుపోతున్నానేమోనని ఆవిడ అనుమానం. మా ఊళ్ళో కట్టించుకున్న తాయెత్తు ఒకటి నా మెడలో ఉండేది. దాన్ని ముందు రోజే తెంపి, కళ్ళకద్దుకుని, టాయిలెట్లో వేసి నీళ్ళు కొట్టేశాను. అంత భయపడి బతికిన మనిషిని నేను.

స్పెయిన్ వాళ్ళింటికి వచ్చాక ఆ భయం వదిలింది. వదలబట్టే కదా నా కొంప మునిగింది.

ఒక పొద్దున పాపకి పప్పన్నం నెయ్యి వేసి, వేళ్ళతో మెత్తగా పిసికి, ముద్దలు కట్టి పెడుతున్నాను. స్పూను చూస్తే నోరు బిగించే పిల్ల, నా చేతి ముద్ద చూస్తే నోరు తెరిచేది. మేడం గుమ్మంలో నిలబడి చూసి, "నోస్ ఆస్ ఎచిథాదో," అంది. ఏంటండీ అది అని అడిగాను. నువ్వు మమ్మల్ని మంత్రించేశావు అని ఇంగ్లీషులో చెప్పింది. నా చేతిలో ముద్ద జారిపోయింది.

"ఓరి నాయనో! ఆ మాట అనకండి మేడం, మీకు పుణ్యముంటుంది," అన్నాను.

ఆవిడ పడీ పడీ నవ్వింది. అది ముద్దు మాటట. కాఫీ కప్పు పట్టుకుని నా ఎదురుగా కూర్చుని, ఆ మాట ఎక్కడెక్కడ వాడతారో ఓపిగ్గా చెప్పింది. మంచి కళ్ళున్న మనిషి చూస్తే ఎచిథార్. మంచి పాట వింటే ఎచిథార్. వెన్నెల్లో సముద్రం చూసి కదలకుండా ఉండిపోతే అది కూడా ఎచిథారే. పూర్వకాలంలో మాత్రం నిజంగానే మంత్రగత్తెలు చేసే పని. మనుషుల్ని కప్పలుగా మార్చడం, పాడి ఆవుల పాలు ఇగరగొట్టడం, పక్కింటి మొగుణ్ణి వశం చేసుకోవడం. అలాంటి ఆడదాన్ని ఎచిథేరా అంటారట. ఆ పేరు పెట్టి ఎంతోమందిని పట్టుకుని హింసించారట వాళ్ళ దేశంలో. అసలు ఆ మాట పుట్టింది 'చేయడం' అన్న మాట నుంచేనట.

"మాక్కూడా అంతేనండి," అన్నాను. మా ఊళ్ళో ఎవరైనా ఉన్నట్టుండి చిక్కిపోతే 'వాడికెవరో ఏదో చేశారు' అంటారు, ఏం చేశారో ఎవరూ చెప్పరు, దాని పేరే చేతబడి అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ చప్పట్లు కొట్టింది. మీ దేశంలో ఇప్పటికీ నమ్ముతారా అని అడిగాను. ఎవరూ నమ్మరు, మేం చదువుకున్న వాళ్ళం కదా, ఇప్పుడది ఉత్త ముద్దు మాట అంది.

ఆవిడ చెప్పింది నేను నమ్మాను. అందుకే పాపకి ధైర్యంగా దిష్టి తీసేదాన్ని. రాళ్ళుప్పు గుప్పిట్లో పట్టుకుని దాని తల చుట్టూ తిప్పుతూ, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, అమ్మ దిష్టి, నాన్న దిష్టి, ఆయమ్మ దిష్టి, అన్నీ పోవాలి," అనేదాన్ని. మా ఇళ్ళల్లో ఎవరికి వాళ్ళు తమ దిష్టి కూడా కలిపే తీస్తారు. ముద్దుగా చూసే కళ్ళదే ఎక్కువ తగులుతుందని మా అమ్మ అనేది. గుప్పిట పాప నోటి దగ్గర పెడితే "తూ తూ తూ" అనేది. ఉప్పు సింకులో వేసి కుళాయి తిప్పేదాన్ని. "పోయిందా?" అని అడిగేది. "పోయిందమ్మా," అనేదాన్ని. అప్పుడు నవ్వేది. మాటలు బాగా వచ్చాక తన వంతు అని పేచీ పెట్టి, తన బుల్లి గుప్పిట్లో ఉప్పు పట్టుకుని నా చుట్టూ గిరగిరా తిరిగి నాకూ తీసేది. గుప్పిట నా మూతికి ఆనించేది, నేను తూ తూ తూ అంటే గానీ వదిలేది కాదు.

మేడంకి ఇదంతా ఎంత సరదా అంటే, ఒకసారి వాళ్ళ వాళ్ళు విందుకొచ్చినప్పుడు నన్ను పిలిచి, తను కుర్చీలో కూర్చుని, తనకి దిష్టి తియ్యమంది. ఉప్పు ఒక్కటే అయితే చూసేవాళ్ళకి బాగుండదు, ఎండు మిరపకాయలు కూడా తెమ్మంది. అందరూ చుట్టూ నిలబడ్డారు. నేను తిప్పుతుంటే ఆవిడ కళ్ళు తేలేసి, పూనకం వచ్చినట్టు ఊగింది. ఒకటే నవ్వులు. ఎవరో ఆవిడ ఫోనుతోనే వీడియో తీశారు. 'మా ఎచిథేరా' అని నన్ను అందరికీ పరిచయం చేసింది. నేనూ పళ్ళికిలించాను, ఏం చెయ్యను.

ఆ సంగతి చెబితే డ్రైవరు ముఖం మాడ్చుకున్నాడు.

"అక్కా, నవ్వేటోల్లు నవ్వుతారు. ఇది మన ఊరు గాదు. ఈడ ఆ పని జేస్తే యాడికో తీస్కపోతారు, నీ గురించి అడిగే నాథుడు గూడ ఉండడు. మానుకో అక్కా."

"మేడమే చెయ్యమంటంది కదయ్యా."

"మేడం కాడికి ఎవురూ రారులే. వచ్చేది నీ కాడికే," అన్నాడు. అతని మాట చెవిన పెట్టలేదు.

పాపకి మూడేళ్ళు దాటాయి. కాంపౌండ్ తోటలో ఎవరిదో పుట్టినరోజు జరిగింది. నేను పాపకి కుచ్చుల గౌను వేసి, రెండు జడలు వేసి తీసుకెళ్ళాను. వచ్చిన వాళ్ళంతా ఎత్తుకుని ముద్దులాడారు. మర్నాడు పొద్దున్నే ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరు మందిచ్చాడు, తగ్గలేదు. మేడం ఎత్తుకుంటే ఒంపులు తిరిగి ఏడ్చింది. తల్లి చెయ్యి తోసేసి, "ఆయమ్మా, ఆయమ్మా," అని నా కోసం చేతులు చాపింది. మేడం పాపని నాకిచ్చేసింది. ఇచ్చేటప్పుడు నా ముఖం వంక చూడలేదు. కన్నతల్లికి అది కష్టమే, ఎవరికైనా కష్టమే. ఆ ఒక్క విషయంలో ఇప్పటికీ నేను ఆవిడ్ని తప్పు పట్టను.

మధ్యాహ్నం మేడం పై గదిలో పడుకుంది. పాప నా ఒళ్ళో మూలుగుతోంది. నాకు చెయ్యి ఊరుకోలేదు. ఉప్పు, ఎండు మిరపకాయలు, దాని దువ్వెనకున్న వెంట్రుక ఒకటి కలిపి దిష్టి తీశాను. మిరపకాయలతో తీస్తే మాత్రం నిప్పుల్లో వెయ్యాలి. ఘాటు వచ్చి దగ్గొస్తే ఏం లేదని, ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టని మా వాళ్ళ లెక్క. మా లంకలో వాకిట్లో కట్టెల పొయ్యి, పొగ ఆకాశానికి పోతుంది. ఇక్కడ కిటికీలన్నీ మూసి ఏసీ. ఆ బుర్ర నాకుండొద్దూ! వంటింటి పొయ్యి వెలిగించి పాత మూకుట్లో వేశాను. ఘాటు భగ్గుమంది. దిష్టి లేదులే అని నేను సంతోషపడేలోపు నెత్తి మీద పొగ అలారం మోగింది. ఆ మోతకి కాంపౌండంతా అదిరిపోయింది.

మేడం దగ్గుతూ మెట్లు దిగి వచ్చింది. డ్రైవరు గరాజులోంచి పరుగెత్తుకొచ్చాడు. వాళ్ళ వెనకే కాంపౌండ్ గార్డు, పెద్ద వయసు సౌదీ మనిషి, మంటలార్పే సిలిండరు పట్టుకుని వచ్చాడు. మంట లేదు. పొయ్యి కట్టేసి, మూకుట్లోకి తొంగి చూశాడు. మాడిన మిరపకాయలు. పక్కన పళ్ళెంలో మిగిలిన ఉప్పు, ఆ ఉప్పులో అంటుకుని పాప వెంట్రుక ఇంకొకటి, బంగారు రంగుది. అతను గబుక్కున వెనక్కి జరిగాడు. పెదాలు కదిలాయి, ఏదో ప్రార్థన చదువుకుంటున్నాడు. తర్వాత నన్ను కాదు, మేడంని అడిగాడు. వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు: ఇది సెహరా మేడం?

నా బతుకంతా మేడం నోట్లో ఉంది. కాదు, ఇది వాళ్ళ ఊరి అలవాటు, నేను కూడా తీయించుకున్నాను అంటే చాలు, ఆ ముసలాయన వెళ్ళిపోతాడు. నేను రెండు చేతులూ జోడించి ఆవిడ వంక చూశాను. పాప నా చంకలో ఉంది, నా మెడ పట్టుకుని వదలడం లేదు. మేడం ముందు పాప చేతుల వంక చూసింది. తర్వాత భుజాలు ఎగరేసింది.

"నాకేం తెలుసు?" అంది. "ఆమె ఏం చేస్తుందో నాకు తెలీదు."

అంతే. కాఫీ కప్పు పట్టుకుని ఆనాడు పాఠం చెప్పిన మనిషి, కుర్చీలో కూర్చుని పూనకం నటించిన మనిషి!

ఇక డ్రైవరు మధ్యలోకి దూకాడు. అరబ్బీలో గడగడా మొదలుపెట్టాడు. ఫిల్‌ఫిల్, ఫిల్‌ఫిల్ అంటూ మిరపకాయలు చూపించాడు. ఇండియా కూరకి తాళింపు పెడుతుంటే మాడిందన్నాడు. ఈమెకి వంటే రాదని, రోజూ కూరలో వెంట్రుకలేనని, ఆ తిండి తినలేక తను చస్తున్నానని తల కొట్టుకున్నాడు. గార్డు నవ్వలేదు. నా వంక, పళ్ళెం వంక మార్చి మార్చి చూశాడు. చివరికి కిటికీలు తెరవమని చెప్పి, ఆ పళ్ళెం పారెయ్యమని వేలు చూపించి వెళ్ళాడు. డ్రైవరు బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది.

"చెప్తి గదక్కా నీకు," అన్నాడు. "చెప్తిని గదా."

సాయంత్రానికి పాపకి జ్వరం జారింది. దాన్ని పడుకోబెట్టి కిందికి వస్తే మేడం సోఫాలో కూర్చుని నన్ను రమ్మని పిలిచింది. "లా ఆస్ ఎచిథాదో," అంది. నువ్వు దాన్ని మంత్రించావు. మాట అదే, కానీ ముద్దు లేదు. ఇందాక నా పిల్ల నన్ను తోసేసింది, నువ్వేదో చెయ్యకపోతే కన్నపిల్ల తల్లిని తోస్తుందా అంది. నేను చేసిందల్లా ఒకటే, ఆవిడ చెయ్యనివన్నీ నేను చేశాను. పీతి కడిగాను, వాంతి ఎత్తాను, రాత్రుళ్ళు భుజం మీద మోశాను. అవి చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ ఫోను నా ముందు పెట్టింది.

విందు నాటి వీడియో. నేను చేత్తో మిరపకాయలు పట్టుకుని ఆవిడ తల చుట్టూ తిప్పుతున్నాను. ఆవిడ కళ్ళు తేలేసి ఊగుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు వీడియోలో కనపడరు, నవ్వులు వినపడాలి అంతే. ఆ నవ్వులు వినపడకుండా మాట తీసేసి పెట్టింది. మాట లేకుండా చూస్తే నాకే భయమేసింది. అందులో ఉన్న ఆడది నిజంగానే ఎవరినో ఏదో చేస్తున్నట్టుంది.

"సారుతో చెప్పి నీకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి మీ దేశానికి పంపించేస్తాను. నోరు మూసుకుని వెళ్ళు," అంది. "గొడవ చేస్తే ఇది గార్డుకి చూపిస్తాను."

"మీరు నమ్మరన్నారు కదండీ మేడం. ముద్దు మాటన్నారు కదా."

"నేను నమ్మక్కర్లేదు. వాళ్ళు నమ్ముతారు," అంది.

ఆ మాట అంటుంటే ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. నా ఒళ్ళు భగభగా మండిపోయింది. ఏ రోగమొచ్చి పోతుందో ఈ మనిషి అని తిట్టుకున్నాను, తెలుగులో, లోపల్లోపల. పైకి మాత్రం తల ఊపాను. ఊపక?

ఎగ్జిట్ కాగితాలు తయారయ్యేదాకా ఆ ఇంట్లో పని చెయ్యాల్సిందే. అంట్లు, బట్టలు, ఇస్త్రీ. పాపని మాత్రం ముట్టుకోకూడదు. స్నానం ఆవిడే చేయించేది, సబ్బు కళ్ళల్లో పడి అది గుక్కపట్టి ఏడుస్తుంటే నేను బాత్రూం బయట తువ్వాలు పట్టుకుని నిలబడేదాన్ని. తువ్వాలు లాక్కుని తలుపేసేది. మధ్యాహ్నాలు పాపని ఒళ్ళో పెట్టుకుని బొమ్మల పుస్తకం చదివేది. అందులో అడవిలో గుడిసె, గుడిసెలో ముక్కు వంకర ముసల్ది, దాని ముందు కుండ. అక్కడికి రాగానే ఎచిథేరా అని పాప చెవిలో చెప్పేది. చెప్పి, ఇస్త్రీ చేస్తున్న నా వంక కళ్ళు తిప్పేది. పాప కూడా తిప్పేది. మొదట్లో నవ్వేసి, "ఆయమ్మా!" అని నా దగ్గరికి ఉరికి రాబోయేది. మేడం నడుం పట్టుకుని ఆపేది. నాలుగు రోజులు పోయాక ఉరకడం మానేసింది. ఆ తర్వాత నేను గదిలోకి వస్తే ఆట ఆపేసి గోడవైపు జరిగేది. ఒకనాడు నేను అలవాటు కొద్దీ జుట్టు సవరించబోతే కెవ్వున అరిచి, "మె ఎచిథో! మె ఎచిథో!" అంది. నన్ను మంత్రించింది అని. అంత కష్టమైన మాట, పాప నోట్లో ఎంత స్పష్టంగా పలికిందో! వెంట్రుక కోసం చెయ్యి వేశానని అనుకుంది కాబోలు పిచ్చిది.

ఆ రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చాను. జైలు తప్పింది కదా అక్కా, ప్రాణాలతో ఇంటికి పోతాండావు కదా అని డ్రైవరు ఓదార్చాడు. జైలు తప్పించినందుకు అతనికి చచ్చేదాకా దణ్ణం పెట్టుకుంటాను. కానీ అది కాదు నా ఏడుపు. పసిదాని బుర్రలో నా మొహం తీసి ఆ ముక్కు వంకర దాని మొహం పెడుతున్నారు, రేపు పెద్దదయ్యాక నేను గుర్తుంటే అలాగే గుర్తుంటాను. ఒక్కసారి, వెళ్ళే ముందు ఒక్కసారి, అది నన్ను భయపడకుండా చూస్తే చాలనుకున్నాను. ఇంకేమీ కోరుకోలేదు.

బయల్దేరే రోజు రానే వచ్చింది. పెట్టె గుమ్మంలో పెట్టాను. మేడం దాన్ని తెరిచి, అచ్చం హఫర్‌లో ముసలామెలాగే చీర మడతలు విప్పి వెతికింది. ముసలామె భయపడి వెతికింది, ఈవిడ నేను చూడాలని వెతికింది. ఏమీ దొరకలేదు. డ్రైవరు కారు దగ్గర నిలబడి అటువైపు తిరిగాడు.

"వెళ్ళొస్తానమ్మా," అన్నాను పాపతో. వాళ్ళమ్మ కాలు పట్టుకుని వెనకాల దాక్కుంది. మేడం వంగి దాని చెవిలో ఏదో చెప్పి, వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. అప్పుడు చూశాను, పాప గుప్పిట మూసి ఉంది. వేళ్ళ సందుల్లోంచి ఉప్పు రాలుతోంది.

పాప ఆ గుప్పిట తన తల చుట్టూ తనే తిప్పుకుంది. చెయ్యి పొట్టిది, సరిగ్గా తిరగలేదు. ఇరుగు దిష్టి లేదు, పొరుగు దిష్టి లేదు. "ఆయమ్మ దిష్టి, ఆయమ్మ దిష్టి, ఆయమ్మ దిష్టి," అంది. నేను నేర్పిన తెలుగు, నా గోదావరి సాగదీతతో సహా. నా కళ్ళకి ఇంకేమీ కనపడలేదు. తిప్పడం అయ్యాక ఏం చెయ్యాలో అది మర్చిపోయినట్టుంది. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత అలవాటు కొద్దీ రెండడుగులు ముందుకేసి, గుప్పిట నా నోటి దగ్గరికి చాపింది.

నేను మోకాళ్ళ మీద కూర్చుని, "తూ తూ తూ," అన్నాను.

ఉప్పు నా చీర మీద పారబోసి, తల్లి దగ్గరికి పరుగెత్తి, మళ్ళీ నా వైపు తిరిగింది.

"పోయిందా?" అని అడిగింది. తెలుగులో, నన్నే. మేడంకి ఆ ముక్క రాదు, జవాబు చెప్పాల్సింది నేనే.

"పోయిందమ్మా," అన్నాను.

అప్పుడు నవ్వింది.